పద్నాలుగు పుస్తకాల్లో లేని మొహం

రాస్ తనూరా,
17 ఫిబ్రవరి 2025

బొమ్మల పుస్తకాలు గీసే చిసాతో అనే ఆమెకు,

రాయచోటి ఖాసింబీ చెప్పి రాయిస్తా ఉండే జాబు ఇది. నాకు చదువు రాదు. చెప్పేది నేను, రాసేది నా కోడలు మెహజబీన్. ఇక్కడ స్కూల్లో టీచరు. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒట్టు పెట్టించుకున్నాను, ఎందుకంటే నా మాటలను ఇస్త్రీ చేసే అలవాటు ఆమెకు ఉంది. చివర నా వేలిముద్ర ఉంటుంది. వేలిముద్ర లేని జాబు నాది కాదు.

నా కొడుకు నవాజు ఇక్కడ అరబ్బు దేశంలో పెట్రోలు రిఫైనరీలో కాంట్రాక్టరు కింద పంపులు బాగుచేస్తాడు. డిసెంబరులో విజిట్ వీసా మీద నన్ను పిలిపించినాడు. వాని కూతురు ఖుష్బూకు పదైదేండ్లు. అరబ్బీ కూడా చదువుతుంది. పోయిన వారం అది ఒక బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకొని ముక్కు చీదుకుంటా ఉండింది. ఏమైంది మే అంటిని. జపాన్ పుస్తకమంట, అరబ్బీలోకి మార్చినారంట, ‘మంట కింది ఇల్లు’ అని పేరంట. ఇట్ల చెప్పింది:

"ఇందులో ఒక పనామె ఉంది జేజీ. బిడ్డను ఆరేండ్లు పెంచి వదిలేసి పోతుంది. ఆ బిడ్డ గేటు కాడ నిలబడి అరుస్తా ఉంటే ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూడదు. రాతిగుండె మనిషి."

ఏదీ చూపీ అంటిని. నాకు అక్షరాలు రాకపోయినా బొమ్మలు వస్తాయి. మొదట రిఫైనరీ గొట్టం కొసన రాత్రీ పగలూ మండే మంట కనబడింది. తర్వాత కంపెనీ ఇండ్ల కాంపౌండు గోడ. తర్వాత పసుపుపచ్చ నీళ్ల డ్రమ్ము, పక్కన సొట్టతో. ఆ సొట్ట పెట్టింది నేను, రోకలిబండతో, ఎందుకు పెట్టినానో ఇప్పుడు వద్దు. ఆ తర్వాత ఒక ఆడమనిషి వీపు. తల మీద రేకుపెట్టె, రెండు చేతులూ పెట్టె మీద. ఎడమ మడమ మీద చింతకాయ మాదిరి వంకర మచ్చ.

వేణ్ణీళ్ల బిందె జారి కాలిన మచ్చ అది. నా మడమ నాకు తెలీదా? చీర కొంచెం ఎత్తి ఖుష్బూకు చూపించినా. అది పుస్తకం చూసింది, నా మడమ చూసింది, లేచి రూములోకి పోయింది. రెండు దినాలు నాతో మాట్లాడలేదు.

ముప్పై ఎనిమిదేండ్ల కిందట ఈ ఊర్లోనే మీ ఇంట్లో పని చేసిన ఆ పనామె నేను. ఆ బిడ్డవు నువ్వు. నీ పేరు నాకు నోరు తిరక్క చిట్టీ అని పిలిచిన మనిషిని నేను.

ఇప్పుడు నా ఫిర్యాదు విను. ఖుష్బూతో ఆ కథవి ఇంతవరకు వచ్చిన పద్నాలుగు పుస్తకాలూ తెప్పించి ఒక్కో పేజీ చూసినా. కాంపౌండులో తిరిగే మేకకు మొహం ఇచ్చినావు. డ్రైవరు ఫారూఖుకు ఇచ్చినావు, ఉండేదానికంటే అందంగా. రొట్టెలమ్మే యెమనీ ముసలాయనకు ఇచ్చినావు. మార్కెట్లో చచ్చిపోయిన చేపకు కూడా కండ్లూ నోరూ పెట్టినావు. నాకు మాత్రం వీపు, కొంగు, మడమ. పద్నాలుగు పుస్తకాల్లో నా మొహం యాడ పెట్టినావు?

మొహం లేని మనిషిని ఎవరైనా రాతిగుండె అంటారు. రాయికి మొహం ఉండదు గదా.

ఇంకో పుస్తకంతో కథ అయిపోతుందని ఖుష్బూ చెప్పింది. నా వీసా జూన్ పన్నెండుతో అయిపోతుంది. ఆ లోపల నా మొహం నాకు ఇయ్యి. నా మనవరాలి ముందర ఇయ్యి. వేరే ఏమీ అడగను.

— ఖాసింబీ (వేలిముద్ర)

(అత్తయ్య చెప్పింది చెప్పినట్టే రాశాను. "ఇస్త్రీ" మాట తీసేద్దామంటే ఒప్పుకోలేదు. – మెహజబీన్)


టోక్యో,
6 మార్చి 2025

ఖాసింబీ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా పత్రిక కార్యాలయం ద్వారా అందింది. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ధీరజ్ గారనే తెలుగాయన దాన్ని నాకు చదివి చెప్పారు. నేను చెప్పేది ఆయన తెలుగులో రాస్తున్నారు.

కోపగించుకోకండి. ఆ పాత్ర తామేనని ఇదివరకు ఇద్దరు రాశారు. ఒకరు మనీలా నుంచి, ఒకరు కొలంబో నుంచి. ఇద్దరివీ మంచి ఉత్తరాలే. ఇద్దరికీ జవాబులు రాసి, నేను మూడు రోజులు పని చెయ్యలేకపోయాను. మడమ మచ్చ, డ్రమ్ము సొట్ట పుస్తకంలోనే ఉన్నాయి కాబట్టి చూసిన వాళ్లెవరైనా చెప్పగలరు. అందుకే పుస్తకంలో ఎక్కడా గీయనిది ఒకటి అడుగుతాను.

నాకు అన్నం పెట్టేటప్పుడు ఆమె ఒక్కో ముద్దకూ ఒక పేరు చెప్పేది. చివరి ముద్ద ఎప్పుడూ ఒకరిదే. అది ఎవరిది?

మీరు ఆమె కాకపోయినా, ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నాను.

– చిసాతో


రాస్ తనూరా,
15 మార్చి 2025

చిసాతోకు,

నన్ను పరీక్ష పెడతావా? నీ పండ్లు వచ్చేటప్పుడు నా వేలు కొరికినావు, ఆ గాటు ఇప్పటికీ ఉంది. దాన్ని అడగకూడదా?

సరే. రంజాన్ నెల, రోజా ఉండాను. రోజా నోటితో అబద్ధం రాదు.

మొదటి ముద్ద మీ నాయనకు. రెండోది మేడానికి, అంటే మీయమ్మకు. మూడోది మేకకు. నాలుగోది ఫారూఖుకు, వాడు లావుగా ఉంటాడని పెద్ద ముద్ద. ఐదోది నాకు. చివరిది మంటకు.

నీకు ఆ మంటంటే భయం. కిటికీలో నుంచి కనపడేది, గాలి మళ్లితే గర్జించేది. గోడ మీద ఎర్రగా ఆడేది. నువ్వు నా కొంగులో దూరి బయటికి వచ్చేదానివి కాదు. అది ఆకలితో ఏడుస్తా ఉంది చిట్టీ, దానికి అమ్మ లేదు, మనమే పెట్టాల అని నేను చెప్పినా. అప్పట్నుంచి చివరి ముద్ద కిటికీ వైపు చూపించి, మంటా తినూ అని నువ్వే నోట్లో వేసుకునేదానివి. మంట తినేసింది అని నోరు తెరిచి చూపించేదానివి.

ఆ మంట ఇంకా ఉండాది. నవాజు ఇంటి మేడెక్కితే కనబడుతుంది. వచ్చిన మొదటి దినమే పలకరించినా.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఇది మనీలా ఆమెకు తెలుసా?

ఇంకో మాట. ఖుష్బూ మాట్లాడుతా ఉంది గానీ మామూలుగా కాదు. టీ ఇచ్చేటప్పుడు నా మొహంలోకి చూడదు. నాతో మంచిగా ఉండాలని తీర్మానం చేసుకున్నట్టు ఉంటుంది. అది నాకు తిట్టు కన్నా ఎక్కువ.

— ఖాసింబీ (వేలిముద్ర)

(చివరి నాలుగు మాటలు రాయొద్దని తర్వాత చెప్పింది. ఒట్టు ఉంది కదా అని ఉంచేశాను. – మె.)


టోక్యో,
2 ఏప్రిల్ 2025

ఖాసిమ్మా,

ధీరజ్ గారు మీ ఉత్తరం రైల్వే స్టేషన్ పక్కన టీకొట్లో చదివి చెప్పారు. "చివరిది మంటకు" అన్నాక ఇక చదవొద్దన్నాను. ఆయన కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డారు. తర్వాత వచ్చి మిగతాది చదివారు.

మీరు నేర్పిన తెలుగులో నాకు ఏడు మాటలు మిగిలాయి. బువ్వ, ముద్ద, మంట, దా, వద్దు, పండుకో. ఏడోది ఖాసిమ్మా.

మీరు అడక్కపోయినా నా సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. ఆరేళ్లప్పుడు జపాన్ వచ్చి బడిలో చేరితే నా మాట ఎవరికీ అర్థం కాలేదు. సగం మీ భాష, సగం మా భాష. పిల్లలు నవ్వేవాళ్లు. మాట్లాడటం మానేసి కావలసింది నోట్‌బుక్‌లో బొమ్మ గీసి చూపించేదాన్ని. దాహం వేస్తే గ్లాసు. ఇంటికి పోవాలంటే మంట. అక్కడి నుంచే ఈ పని మొదలైంది. పాతికేళ్లకు ఒక పత్రిక పోటీలో చిన్న బహుమతి వచ్చింది. తర్వాత ఎనిమిదేళ్లు ఒక పెద్ద చిత్రకారుడి దగ్గర సహాయకురాలిగా ఉన్నాను. ఆయన కథల్లో వానలు, గోడలు నేనే గీశాను. ఎనిమిదేళ్లు ఉత్త వానలు, గోడలు! ఆ తర్వాతే నా కథ మొదలుపెట్టనిచ్చారు. ఇప్పుడు నా దగ్గర ముగ్గురు సహాయకులున్నారు. గోడ, డ్రమ్ము, మంట వాళ్లు గీస్తారు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ముఖాలు మాత్రం కథ ఎవరిదో ఆ మనిషే గీయాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు.

మీ వీపు, కొంగు వాళ్లే గీసేవాళ్లు. మడమ మాత్రం ఈ కథ గీస్తున్న పదకొండేళ్లలో ఎవరికీ ఇవ్వలేదు.

మీ ముఖం నేను దాచలేదు ఖాసిమ్మా. నాకు గుర్తు లేదు. నేలమీద పాకే పిల్లకు మడమ బాగా తెలుస్తుంది. తర్వాత కొంగు వాసన, చెయ్యి, గొంతు తెలుస్తాయి. ముఖం ఉండాల్సిన చోట మాత్రం తెల్ల కాగితం ఉంది. ఎన్నిసార్లు ప్రయత్నించానో. ఎవరెవరివో ముఖాలు వస్తాయి. తప్పు ముఖం పెట్టడం కన్నా అసలు పెట్టకపోవడం మర్యాద అనుకున్నాను.

నా కుడి బొటనవేలి నరం దెబ్బతింది. ఈ పుస్తకంతో ఆపెయ్యమన్నాడు డాక్టరు. అంటే నేను గీయబోయే చివరి ముఖం ఏదో ఒకటి ఉంటుంది. అది మీది కావాలి. మా ఎడిటర్ వద్దంటున్నారు, ముఖం లేని ఆడమనిషిగానే పాఠకులు మిమ్మల్ని ప్రేమించారని ఆయన వాదన. మే నెలాఖరుకు చివరి అధ్యాయం ఇచ్చెయ్యాలి. అప్పటి ఫోటో ఒక్కటి పంపగలరా?

– చిట్టి


రాస్ తనూరా,
14 ఏప్రిల్ 2025

చిట్టీ,

ముందు నీ వేలు. వేడి చేసిన నువ్వుల నూనెలో కాస్త కర్పూరం వేసి రుద్దించుకో. డాక్టర్ మాటా విను, నా మాటా విను.

నీ ఎడిటరుకు చెప్పు, నన్ను ప్రేమించమని ఎవరినీ అడగలేదు నేను. మొహం అడిగినా, అంతే.

ఫోటో లేదు. ఆ కాలంలో ఈ దేశంలో ఆడదాన్ని ఫోటో తీసేదెవరు? పాస్‌పోర్టులో ఒకటి ఉండింది, దాన్ని రాయచోటిలో చెదలు తినేసింది. ఇప్పటి ఫోటో మెహజబీన్ పంపుతానంది, వద్దన్నా. నువ్వు అన్నం తిన్నది ఈ మొహం చూస్తా కాదు.

ఫోటో లేకపోతేనేమి? మొహం కూడా చెప్పి రాయిస్తా. రాసుకో.

నుదురు చిన్నది, రెండు వేళ్లు. కనుబొమ్మలు దట్టంగా ఉండేవి, మధ్యలో ఒక గోధుమగింజ పట్టేంత జాగా. కండ్లు పెద్దవి కాదు. మీ బొమ్మల మాదిరి పావురాయి గుడ్లు పెట్టినావంటే ఊరుకోను. కుడి కంటి కింద చిన్న గుంట, అమ్మవారు పోసినప్పటిది. ముక్కు మా నాయనది, కొస కిందికి వంగి ఉంటుంది. ముక్కుపుడక కుడి పక్క. దాని రాయి ఎప్పుడో ఊడిపోయింది, ఉత్త గుంతనే పెట్టుకొని తిరిగినా. పై పెదిమ పల్చన. కోపం వస్తే అసలు కనబడదు. కాబట్టి నువ్వు దాన్ని ఎక్కువ చూసి ఉండవు.

గడ్డం గట్టిది. మా అత్త దాన్ని చూసి, ఈ గడ్డంతో కాపురం చేయదు, కోర్టుకు పోతుంది అనింది.

మెహజబీన్ నవ్వుతా ఉంది. నవ్వనీ. ఆమె గడ్డం కూడా అట్లాంటిదే, అందుకే కోడల్ని చేసుకున్నా.

— ఖాసింబీ (వేలిముద్ర)


టోక్యో,
4 మే 2025

ఖాసిమ్మా,

దీనితో మూడు బొమ్మలు పంపుతున్నాను. మీరు చెప్పిన ప్రతి మాటా గోడకు అంటించుకుని గీశాను. గోధుమగింజ కొనుక్కొచ్చి కొలిచాను కూడా. నువ్వుల నూనె రుద్దుతున్నాను. సహాయకులు గది అంతా వంటింటి వాసన అంటున్నారు.

మాకు ఒక అలవాటుంది. బొమ్మ పూర్తయ్యాక కాగితాన్ని తిరగేసి, కింద దీపం పెట్టి వెనక వైపు నుంచి చూస్తాం. ముందు నుంచి కనిపించని వంకరలు అప్పుడు కనిపిస్తాయి. ఈ మూడింటినీ అలాగే చూశాను. వంకర ఏమీ లేదు. అయినా ఏదో తప్పుంది, నాకు తెలుస్తోంది. మీరే చెప్పాలి.

ఒకటి అడగాలి. ఇన్నాళ్లూ అడగాలంటే భయమేసింది. ముఖం గీయాలంటే ఆ ముఖం లోపల ఏముందో తెలియాలి. ఆ రోజు గేటు దగ్గర నేను మిమ్మల్ని ఎన్నిసార్లు పిలిచానో నాకు గుర్తుంది. పదకొండుసార్లు. నాకు అప్పటికి పదకొండు దాకా లెక్క వచ్చు, అది మీరు నేర్పిందే.

మీరు ఎందుకు తిరిగి చూడలేదు?

– చిట్టి


రాస్ తనూరా,
16 మే 2025

చిట్టీ,

బొమ్మలు అందినాయి. మొదటి బొమ్మలో ఉండేది ఎవరో మంచి మనిషి. నేను కాదు. రెండోది కడుపు నిండా తిన్న మనిషి. ఆ కాలంలో నేనట్ల లేను. మూడోది దర్గాలో మొక్కుకునే దానిమాదిరి ఆకాశం చూస్తా ఉంది. నేను ఎప్పుడూ పొయ్యి చూసినా, నిన్ను చూసినా, మేడం మొహం ఏ రంగులో ఉందో చూసినా. ఆకాశం చూసేంత తీరిక యాడిది?

ముక్కు మాత్రం మా నాయనదే. దానికి సంతోషం.

నువ్వు అడిగిన దానికి నా కాడ జవాబు ఉంది. కానీ అది నా ఒక్కదానిదే కాదు. ఒకరికి మాటిచ్చినా. ముప్పై ఎనిమిదేండ్లు మోసినా ఆ మాటను. ఇప్పుడు ముసలితనంలో, నా మొహం కోసం దాన్ని అమ్ముకోను.

మీ అలవాటు చెప్పినావే, కాగితం వెనక నుంచి చూస్తే వంకర తెలుస్తుందని. పద్నాలుగు పుస్తకాలు నన్ను వెనక నుంచే చూసినావు గదా. ఏమి వంకర కనబడింది?

ఇంతకు మించి అడగొద్దు. అడిగితే జాబు రాయించను.

నా టికెట్ తీసినాడు నవాజు. జూన్ పన్నెండు, దమ్మాం నుంచి. ఖుష్బూ నా పెట్టె సర్దుతా నిన్న ఒక మాట అడిగింది. జేజీ, ఆమె నిన్ను పిలిచింది నీకు వినపడలేదా అని. వినపడిందని చెప్పినా. మరి? అనింది. మరి ఏమీ లేదు అంటిని. అది పెట్టె మూత వేసి పోయింది.

మొహం రాకపోతే పోనీలే. మడమ బాగా గీసినావు. దాంతోనే సరిపెట్టుకుంటా.

— ఖాసింబీ (వేలిముద్ర)

(ఈ ఉత్తరం రాయిస్తూ అత్తయ్య మధ్యలో రెండుసార్లు లేచి మేడ మీదికి వెళ్లింది. ఒట్టు ప్రకారం ఇది నేను రాయకూడదు. కానీ ఒట్టు ఆమె మాటల గురించే, నా మాటల గురించి కాదు. – మె.)


టోక్యో,
29 మే 2025

ఖాసిమ్మా,

మీరు మాట తప్పలేదు. ఇది ముందు చెప్పాలి.

మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఎనభై ఏళ్లు. నా పుస్తకాలు ఎప్పుడూ నా ముందు చదవలేదు. చదివితే తనకు నచ్చవనుకునేదాన్ని. పోయిన ఆదివారం మీరు వద్దన్న మూడు బొమ్మలు భోజనాల బల్ల మీద పరిచి, అన్నం తినకుండా వాటిని చూస్తూ కూర్చున్నాను. అమ్మ టీ పెట్టుకుని వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది. తర్వాత మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది:

"ఆమె కింది పెదవి పళ్ల మధ్య ఉండాలి."

నీకెలా తెలుసన్నాను. అమ్మ కూర్చుంది. టీ కప్పు పక్కన పెట్టి, అప్పటి సంగతంతా చెప్పింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో నాకు జపాన్‌లో బడి. జపాన్ భాష సరిగ్గా రాదు. అమ్మ ముద్ద పెడితే తినను. నిద్రలో ఖాసిమ్మా అని లేచేదాన్ని. తన కూతురికి తను పరాయిదైపోయాననుకుంది అమ్మ. మేం బయల్దేరడానికి రెండు నెలల ముందే మిమ్మల్ని పంపించెయ్యమని నాన్నను ఒప్పించింది. మీరు వెళ్లే ముందు రోజు వంటింట్లో మీ చేతులు పట్టుకుని అడిగింది. రేపు గేటు దగ్గర అది ఎంత పిలిచినా తిరగొద్దు, నీ ముఖం మళ్లీ చూసిందంటే ఇక నాకు దక్కదు, ఈ సంగతి ఎప్పటికీ దానికి చెప్పొద్దు అని. మీరు సరే అన్నారట. ఒక్క మాట కూడా ఎదురు అనలేదట. పొయ్యి మీద ఉన్న పాలు దించి, బయటికి వెళ్లి రోకలిబండతో డ్రమ్మును ఒక్క దెబ్బ కొట్టారట.

ఆ డ్రమ్ము సొట్టను నేను పద్నాలుగు పుస్తకాల్లో గీయించాను. అది ఎందుకు పడిందో తెలియకుండా.

అమ్మ గేటు బయట కారు పక్కన నిలబడింది. నేను మీ వెనక, అమ్మ మీ ముందు. ఆ రోజు మీ ముఖం చూసింది అమ్మ ఒక్కతే. కింది పెదవి కొరుక్కుని, తల నిటారుగా పెట్టుకుని నడిచారట. తల మీద పెట్టె, రెండు చేతులూ పెట్టె మీద. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. కన్నీళ్లు గడ్డం దాకా వచ్చి కిందికి జారుతుంటే తన పక్క నుంచే వెళ్లిపోయారట. ఒక్క క్షణం తన కళ్లలోకి చూశారట. "ఆ చూపు నేను ముప్పై ఎనిమిదేళ్లుగా రోజూ చూస్తున్నాను, నువ్వు ఎప్పుడు గీస్తావా అని నీ పుస్తకాల్లో వెతికాను, దొంగతనంగా అన్నీ చదివాను" అంది.

తర్వాత మూడు సాయంత్రాలు అమ్మ చెప్తూ ఉంటే నేను గీశాను. ఆమెకు బొమ్మ రాదు. కానీ రబ్బరు పట్టుకుని, ఇక్కడ కాదు, ఇక్కడ అని చెరిపేది. నేను గీస్తుంటే నా పక్కన అంతసేపు కూర్చోవడం ఆమెకు ఇదే మొదటిసారి.

పద్నాలుగు పుస్తకాల్లో పాఠకుడు బిడ్డ నిలబడ్డ చోట నిలబడి చూశాడు. చివరి పేజీలో నేను చోటు మార్చాను. అమ్మ నిలబడ్డ చోటికి వెళ్లాను. మీరు ముందు, పెద్దగా. నేను మీ వెనక, గేటు దగ్గర, వేలి గోరంత. ఎడిటర్ ఈసారి ఒప్పుకుని తీసుకున్నారు. అచ్చుకు పోకముందే అసలు కాగితం మీకు పంపుతున్నాను. అది మీదే, తిరిగి పంపొద్దు.

అమ్మ ఒకటి అడగమంది. మీరు తనను క్షమించనక్కర్లేదట. ఆ ముఖం సరిగ్గా వచ్చిందో లేదో మాత్రం చెప్పమంది.

– చిట్టి


రాస్ తనూరా,
11 జూన్ 2025

చిట్టీ, మీయమ్మా, ఇద్దరికీ,

బక్రీదు మూడో నాడు కాగితం వచ్చింది. నవాజు ఆఫీసుకు తెప్పించి, నలగకుండా తడిక మాదిరి అట్టల మధ్య పెట్టి తెచ్చినాడు. నేను చేతులు కడుక్కొని వచ్చి చూస్తిని.

తప్పులు ముందు చెప్తా. కంటి కింద గుంట ఇంకా కొంచెం పైకి ఉండాల. కన్నీళ్లు ఎక్కువ పెట్టినారు, అంత ఏడవలేదు, సగం పెట్టె బరువుకు వచ్చిన చెమట. గడ్డం ఇంకా గట్టిది.

కానీ అది నేనే. ముప్పై ఎనిమిదేండ్ల కిందటి నన్ను అద్దంలో కూడా ఇంత బాగా చూసుకోలేదు నేను.

ఖుష్బూ ఆ కాగితం తీసుకొని చాలాసేపు చూసింది. నీ జాబు వాళ్లమ్మతో మళ్లీ చదివించుకుంది. లోపలికి పోయి నూనె గిన్నె తెచ్చింది, నేల మీద కూర్చుంది, నా ఎడమ కాలు ఒళ్లో పెట్టుకొని మడమకు నూనె రాసింది. ఆ మచ్చ మీద వేలు పెట్టి, ఇప్పుడు నొస్తుందా జేజీ అనింది. నొయ్యదు మే అంటిని. ఇప్పుడు నా మొహంలోకి చూస్తా ఉంది. చూసి నవ్వుతుంది కూడా, ఈ గడ్డం తనకూ వచ్చిందంట.

మేడానికి చెప్పు. మాట నేను తప్పలేదు, ఆమే తప్పింది. తప్పినందుకు నాకు సంతోషం. అప్పుడు నేను ఎదురు మాట్లాడకపోయింది భయంతో కాదు. నా నవాజు రాయచోటిలో మా అమ్మ కాడ పెరుగుతా ఉండె. సెలవుకు పోతే వాడు నన్ను చూసి, ఎవరీమె అని మా అమ్మను అడిగిన దినం నాకు గుర్తుంది. మేడం చేతులు పట్టుకొని అడిగితే ఆ దినమే కనబడింది నాకు. అందుకే సరే అన్నా. డ్రమ్మును కొట్టింది ఆమె మీద కోపంతో కూడా కాదు. ఏదో ఒకదాన్ని కొట్టాల గదా.

మీయమ్మకు పండ్లు గట్టిగా ఉండాయో లేవో. అన్నం మెత్తగా వండి, నీ చేత్తో కలిపి ముద్దలు పెట్టు. మొదటిది మీ నాయన పేరు మీద. చివరిది ఎవరికో నీకు తెలుసు. నీ వేలు నొప్పిగా ఉంటే ఎడమ చేత్తో పెట్టు, తప్పు లేదు.

రేపు పొద్దున నేను బయల్దేరుతా. ఏర్పోర్టుకు పోయే దారిలో పాత కాంపౌండు గేటు తగులుతుంది. అక్కడ ఒక నిమిషం కారు ఆపమని నవాజుకు చెప్పినా. లోపలికి పోనియ్యరు, పోయే పని కూడా లేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరుండారో.

ఇప్పుడు నా తల మీద పెట్టె లేదు, డిక్కీలో ఉంటుంది. చేతులు రెండూ ఖాళీ. గేటు కాడ దిగి, నాలుగు అడుగులు ముందుకు నడిచి, అప్పుడు వెనక్కి తిరిగి చూస్తా. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూస్తా.

— ఖాసింబీ (వేలిముద్ర)